కలంకారీ పనిలో డిజిటల్ ట్యాబ్లెట్: కొన్నేళ్లు వాడాక

తెర మీద నేరుగా పెన్నుతో గీసే ట్యాబ్లెట్‌ను శ్రీకాళహస్తి పద్ధతి కలంకారీ పనిలోనూ, పిల్లలకు నేర్పడంలోనూ కొన్నేళ్లుగా వాడుతున్నాను. తెర కొలతలు, మెమరీ లాంటివి అమ్మేవాళ్లే చెబుతారు. నా కోపమంతా ఒక్కదాని మీదే: గీతను దానంతటదే నున్నగా దిద్దేసే సదుపాయం.

మన కలం తీరు వేరు. వెదురుపుల్ల మొన చెక్కి, పైన ఉన్ని చుట్టి, దారంతో బిగిస్తాం. ఉన్ని పీల్చుకున్న కసిమిని, అంటే నల్లరంగును, వేళ్లతో నొక్కుతూ మొనకు దించాలి. చెయ్యి ఆగినా రంగు ఆగదు. తెర మీద మాత్రం వంపు మధ్యలో ఎంతసేపు ఆగినా పరవాలేదు, తడబడిన గీతను యంత్రమే సర్దేస్తుంది.

నా దగ్గర నేర్చుకునే ఒకమ్మాయి తెర మీద సీత ముఖాన్ని ముచ్చటగా గీసింది. అదే ముఖాన్ని కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డ మీద మొదలుపెట్టింది. చింతబొగ్గు గీతల దాకా బాగానే సాగింది. కసిమితో బుగ్గ వంపు దగ్గరికి వచ్చేసరికి అలవాటు కొద్దీ చెయ్యి ఆపింది. చూస్తుండగానే శనగగింజంత మచ్చ పాకి నల్లబడింది. ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెట్టిన రంగు అది. కరక్కాయ పట్టించిన గుడ్డకు అంటిందంటే ఇక వదలదు. ఆ పిల్ల చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ సాయంత్రమే గీతను దిద్దే ఆ సెట్టింగు తీసేశాను. అందరి గీతలూ వణికాయి. అయితేనేం, ఎవరి వణుకు మణికట్టులో ఉందో, ఎవరిది మోచేతిలో ఉందో ఇప్పుడు కనిపిస్తోంది, దిద్దగలుగుతున్నాను.

కొత్తలో పొరలుగా గీసుకునే వీలును ఎదురైన ప్రతివారి దగ్గరా మెచ్చుకున్నాను. రామాయణ ఘట్టాలను గళ్లలో అమర్చుకోవడానికి, అంచులు మార్చి చూసుకోవడానికి ఇప్పటికీ నాకు అదే ఆధారం. రంగుల దగ్గర మాత్రం ఆ మెప్పు కొంత తగ్గించుకోవాలి. తెర మీద ఎరుపు తక్షణం ఎరుపే. గుడ్డ మీద పటిక పూసినచోట అది ఉడకబెట్టాక గానీ తేలదు, నీళ్లను బట్టి ఛాయ కూడా మారుతుంది. అందుకే చీర ఆర్డరు ఇచ్చేవారికి ఇప్పుడు బొమ్మతోపాటు రంగు వేసిన గుడ్డముక్క కూడా పంపుతున్నాను.

నాకు ఆర్డర్ల పని ఎక్కువ కాబట్టి ఈ ట్యాబ్లెట్‌ను వదులుకోలేను. నేర్చుకునేవాళ్లకైతే కసిమి గీత చేతికి వచ్చాకే ఇవ్వమంటాను. గుడ్డతో పనిలేకుండా పుస్తకాలకో, యానిమేషన్‌కో బొమ్మలు వేసేవారికి నేను తిట్టిన ఆ సదుపాయమే అక్కరకు రావచ్చు.