మాడ్స్, రాకర్స్: జీతం సూటుకా, బైకుకా?

1960ల మొదట్లో బ్రిటన్ కుర్రాళ్లకి సొంత జీతం చేతికొచ్చింది, దాన్ని తగలేయడానికి బాగా పేరుపడ్డ దారులు రెండు: మాడ్స్, రాకర్స్ అనే కుర్రాళ్ల గుంపులవి.

మాడ్స్‌కి బట్టలే లోకం. ఇటాలియన్ కట్ సూటు, సన్నటి టై, సూటు మాసిపోకుండా పైన సైన్యం మిగుళ్లలో దొరికే పార్కా కోటు, తిరగడానికి వెస్పానో లాంబ్రెట్టానో. స్కూటర్ ఇంజన్ మూసి ఉంటుంది, బట్టలకి గ్రీజు అంటదు, అదీ సంగతి! అమెరికా నల్లజాతి సోల్ సంగీతం, జమైకా స్కా సంగీతం రికార్డులు వెతికి మరీ కొనేవాళ్లు. 1963లో మొదలైన 'రెడీ స్టెడీ గో!' టీవీ షో చూస్తే ఏ షర్టు, ఏ డాన్సు నడుస్తోందో తెలిసిపోయేది, నేర్చుకునేలోపే అది పాతబడేది కూడా. ఇప్పటి రీల్స్ పరుగుకి తాత ఇదే అంటాను.

రాకర్స్‌కి ఆ టెన్షన్ లేదు. తోలు జాకెట్, జీన్స్, బూట్లు, ఎప్పుడూ అవే. డబ్బంతా ట్రయంఫ్, నార్టన్ బైకులకి. పాటలంటే ఎల్విస్, ఎడ్డీ కాక్రన్, అవీ బైకర్లు చేరే లండన్ ఏస్ కెఫే లాంటి చోట, నాణెం వేస్తే పాట మోగే జూక్‌బాక్స్‌లో.

1964లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్ బీచ్‌లో ఈ రెండు గుంపులూ కొట్టుకున్నారు, పత్రికలు దాన్ని గోరంతలు కొండంతలు చేశాయి. ఈ అతి మీదే సమాజ శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ 1972లో పుస్తకం రాశాడు.

ఖర్చు, మన్నిక చూస్తే బట్టల్లో రాకర్లే తెలివైనవాళ్లు, ఆ జాకెట్ ఇవాళ్టికీ నడుస్తోంది. చెవులు మాత్రం మాడ్స్‌వే కావాలి నాకు.