మిరప హైబ్రిడ్ స్వచ్ఛతకు ఏ మార్కర్ మేలు: డామినెంటా, కో-డామినెంటా?

గుంటూరు చుట్టుపక్కల మిరప రైతు హైబ్రిడ్ విత్తనాన్ని ఎంతో ఖరీదు పెట్టి కొంటాడు. అందులో తల్లి మొక్క తనంతట తాను కట్టిన విత్తనం కలిసిపోయిందంటే కాపు వచ్చేదాకా బయటపడదు. అప్పటికి పెట్టుబడంతా చేలో ఉంటుంది. అందుకే నారు మీదుండగానే ఆకు తుంచి డీఎన్ఏ చూడాలి. అలా తేడా పట్టిచ్చే డీఎన్ఏ గుర్తునే మార్కర్ అంటారు.

ఎస్ఎస్ఆర్ (డీఎన్ఏలో చిన్న వరుస పదేపదే వచ్చే చోటు) కో-డామినెంట్ మార్కర్, అంటే తల్లి కాపీ, తండ్రి కాపీ విడివిడిగా కనిపిస్తాయి. జెల్ (డీఎన్ఏ ముక్కల్ని సైజును బట్టి విడదీసే పొర) మీద తల్లికి ఒకచోట బ్యాండ్ (డీఎన్ఏ గీత), తండ్రికి ఇంకోచోట, అసలు హైబ్రిడ్‌కి రెండూ. ఆర్ఏపీడీ డామినెంట్. దానిలో బ్యాండ్ ఉండటం, లేకపోవటం, అంతే; ఒక కాపీ ఉన్నా రెండున్నా ఒకేలా కనిపిస్తుంది.

తండ్రిలో మాత్రమే వచ్చే బ్యాండ్ దొరికితే డామినెంట్‌తోనూ పని అవుతుంది కదా అని నేనూ అనుకున్నాను. చేశాను. జెల్‌లో నాలుగు లేన్లు (ఒక్కో మొక్కకు ఒక్కో వరుస) ఖాళీగా వచ్చాయి. ఆ నాలుగూ కల్తీయేనా, పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని కాపీలు తీసే ప్రక్రియ) ఫెయిలైందా? టెన్షన్ పట్టలేక మళ్లీ డీఎన్ఏ తీసి పెడితే రెండింటిలో బ్యాండ్ స్పష్టంగా వచ్చింది. మంచి మొక్కల్ని కల్తీ అని రాసేసేదాన్నే! ఎస్ఎస్ఆర్‌లో ఈ అయోమయం ఉండదు. కల్తీ మొక్క కూడా తల్లి బ్యాండ్ చూపిస్తుంది కాబట్టి, లేన్ ఖాళీగా ఉంటే పీసీఆర్ పనిచేయలేదనే అర్థం.

కొత్త రకాలు తయారుచేసేవాళ్లకు ఈ తేడా ఇంకా పెద్దది. వరిలో చూడండి: బాపట్ల సాంబ మసూరి, అదే బీపీటీ 5204లోకి బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులు తెచ్చారు. వాటిలో ఎక్స్ఏ5, ఎక్స్ఏ13 అంతర్గత జన్యువులు, అంటే రెండు కాపీలూ ఉంటేనే పనిచేస్తాయి. ఒక్క కాపీ ఉంటే మొక్క తెగులును తట్టుకోదు, కంటికి ఏమీ తెలియదు. ఆ ఒక్క కాపీని మార్కరే చూపించాలి. ఎఫ్2లో (హైబ్రిడ్ తనంతట తాను కట్టిన విత్తనపు తరంలో) కో-డామినెంట్ రెండు కాపీలున్నవి, ఒకటే ఉన్నవి, అసలు లేనివి 1:2:1గా విడదీసి చూపిస్తుంది. డామినెంట్‌లో అది బ్యాండ్ ఉన్నవి, లేనివి 3:1 అయిపోతుంది. బ్యాండ్ వచ్చిన ప్రతి మూడింటిలో సగటున రెండు విషమయుగ్మజాలే (ఒక్క కాపీయే ఉన్నవి), తర్వాతి తరంలో మళ్లీ విడిపోతాయి.

అలాగని డామినెంట్‌ని పక్కన పడేయలేం. 1990లో వచ్చిన ఆర్ఏపీడీకి 10 అక్షరాల ప్రైమర్ (పీసీఆర్‌ను మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్క) చాలు, ఆ పంట డీఎన్ఏ వరుస ముందే తెలియక్కర్లేదు. ఎవరూ ముట్టని పంటలో వైవిధ్యం చూడాలంటే అదే చవక. డబుల్ హాప్లాయిడ్ (ఒకే సెట్ క్రోమోజోములను రెట్టింపు చేసి తయారుచేసిన) మొక్కల్లో విషమయుగ్మజాలే ఉండవు కాబట్టి అక్కడ డామినెంట్‌తో నష్టమేమీ లేదు.

మిరప స్వచ్ఛతకు మాత్రం నా ఓటు ఎస్ఎస్ఆర్‌కే. ముందు తల్లిదండ్రుల మధ్య తేడా చూపించే ప్రైమర్ వెతుక్కోండి. జెల్‌లో మొదటి రెండు లేన్లు ఆ ఇద్దరికీ వదిలి, మూడో లేన్ నుంచి మొక్కలు పెట్టండి.