కొండ మీది పేరెస్క్: చూడ్డానికి సరే, ఉండటానికి?

ఫ్రాన్స్ వెళ్ళేవాళ్ళు పారిస్ చూస్తారు, ఓపికుంటే నీస్ బీచ్ చూస్తారు. నీస్‌కి పైన ఆల్ప్స్ కొండల్లో, 1,528 మీటర్ల ఎత్తున, లోయ అంచున కూర్చున్న పేరెస్క్ అనే చిన్న ఊరికి మనవాళ్ళు పోవడం అరుదు. బ్రస్సెల్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్న మా తమ్ముడి బృందం అక్కడ వేసవి సదస్సు పెట్టుకుంది. "రా అక్కా, ఖర్చు తక్కువే" అన్నాడు. వెళ్ళాను.

నీస్ నుంచి దీన్ అనే ఊరి దాకా 151 కిలోమీటర్ల మీటర్ గేజ్ లైనుంది. పైన్‌కాయల రైలంటారు. నది పక్కనే వంతెనలు, సొరంగాలు. అరకు లైను నచ్చినవాళ్ళకి ఇదీ నచ్చుతుంది, కాకపోతే బోగీలో పల్లీలు అమ్మేవాళ్ళుండరు. మధ్యలో ఆంత్రవో అనే ఊళ్ళో దిగితే పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి కోటల ఇంజనీరు వోబాన్ కాలం నాటి కోట చూడొచ్చు, ఒక పూట చాలు. అయితే రైలు పేరెస్క్ దాకా రాదు. స్టేషన్ నుంచి కొండెక్కాలంటే కారే దిక్కు. నీస్‌లో నాకు కారు అద్దెకిచ్చినవాడు, తిరిగి ఇచ్చేటప్పుడు పాత గీత చూపించి డబ్బు గుంజబోయాడు. తీసుకున్న రోజే ఫోన్‌లో చుట్టూ వీడియో తీసి పెట్టుకున్నాను కాబట్టి నోరు మూసుకున్నాడు. మీరూ తీసుకోండి.

ఇరవయ్యో శతాబ్దం సగానికి ఈ ఊరు దాదాపు ఖాళీ. జనం పనులు వెతుక్కుంటూ దిగిపోయారు, కప్పులు కూలాయి. 1950లలో బెల్జియంలోని నామూర్ లలితకళల అకాడమీ పెద్ద జార్జ్ లాంబో కంట్లో పడింది. అప్పట్నించి బెల్జియం విద్యార్థులు వేసవి సెలవుల్లో వచ్చి, స్థానిక రాయితోనే ఒక్కో ఇల్లూ నిలబెట్టుకుంటూ వచ్చారు. ఆ పనిని ఏళ్ళ తరబడి మోసినవాళ్ళలో ట్వాన్ స్మెట్స్ పేరు అక్కడ గౌరవంగా చెబుతారు. ఇప్పుడా ఇళ్ళలో విశ్వశాస్త్రం వాళ్ళు, జీవశాస్త్రం వాళ్ళు, చిత్రకారులు, సంగీతం వాళ్ళు వంతులవారీగా దిగుతుంటారు. సైన్సుకి ఈ ఊరితో పాత చుట్టరికమే. 1610లో టెలిస్కోపుతో ఒరాయన్ నెబ్యులాని (ఆకాశంలో మెరిసే వాయు మేఘాన్ని) చూసిన ఫ్రెంచి పండితుడు పెయిరెస్క్ ఈ ఊరి దొర, ఈ ఊరి పేరే ఆయన పెట్టుకున్నాడు.

నాకు నచ్చింది ఏమిటంటే, ఇళ్ళని బాగుచేసి అద్దాల్లో పెట్టలేదు, వాడుకుంటున్నారు. గుమ్మాలు పొట్టివి, గోడలు మూరెడు మందం. ఒక గది ముందు నల్లబల్ల మీద సగం చెరిపిన సమీకరణం, పక్కన బెంచీ మీద ఎండకి ఆరబెట్టిన నీటిరంగుల బొమ్మలు. పొద్దున విశ్వం ఎలా వ్యాకోచిస్తోందో చెప్పిన ప్రొఫెసరు గారే రాత్రి ఏప్రన్ కట్టుకుని పళ్ళాలు తుడిచారు, ఆరోజు వంతు ఆయనది.

బస మాత్రం హాస్టల్ తరహా. కలిసి పడుకునే గదులు, బల్లలకిరువైపులా కూర్చుని కలిసి తినే భోజనం. రొట్టె, చీజ్, పప్పు సూపు. శాకాహారులు ముందే చెప్పుకోవాలి. నేను పట్టుకెళ్ళిన గోంగూర పచ్చడి సీసా ఒక్కరోజులో ఖాళీ అయింది, అందులో సగం ఇటలీ అబ్బాయి తిన్నాడు. ఊళ్ళో నాకు కిరాణా కొట్టు కనబడలేదు. ఆగస్టులో కూడా రాత్రి స్వెట్టర్ లేకుండా నిద్ర పట్టలేదు.

బృందంతో కాకుండా మీరొక్కరే వెళ్తే పేరెస్క్‌లో ఉండాలని పట్టుపట్టొద్దు. కింద ఉన్న అన్నో అనే ఊళ్ళో దిగండి. హోటళ్ళు, బేకరీ, మందుల షాపు, రైల్వే స్టేషన్ అన్నీ ఉన్నాయి. ఊరి వెనక పెద్ద పెద్ద ఇసుకరాతి గుండ్లు. సముద్రం అడుగున పేరుకున్న పొరలవి, వాటి కోసమే భూగర్భశాస్త్రజ్ఞులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అక్కణ్ణించి పొద్దున్నే పేరెస్క్ ఎక్కి, ఊరు చూసుకుని, కాళ్ళలో బలం ఉంటే 2,276 మీటర్ల ఎత్తున ఉన్న లిన్యాఁ సరస్సు దాకా నడవండి. నాకు మోకాళ్ళు వణికాయి, తమ్ముడు మాత్రం లేడిపిల్లలా ఎక్కేశాడు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఇది మొత్తం రోజు పని, మధ్యాహ్నం తిండి వెంట ఉండాలి. పెట్రోలు అన్నోలోనే కొట్టించుకోండి, పైకెళ్ళాక బంకు కోసం వెతుక్కునే పని పెట్టుకోవద్దు.