నీళ్లకు నాలుగు, బట్టలు మార్చుకునే గదికి రెండు

హైదరాబాద్‌లో వేసవి ఈత బ్యాచ్‌లో చేరేముందు పూల్ ఒక్కటే చూసి డబ్బు కట్టేయకండి, బట్టలు మార్చుకునే గదిలోకీ ఓసారి తొంగిచూడండి. నేను చూసిన పబ్లిక్ పూల్‌లో నీళ్లకు ఐదుకి నాలుగు ఇవ్వొచ్చు. గదికి రెండే, అదీ మొహమాటానికి. ఉన్నది ఒకే బెంచీ, దాని మీద ఎప్పుడూ ఎవరిదో పిండని నిక్కరు. నేల వాలు జాలీ వైపు లేదు, అందుకే బ్యాచ్ మారే పది నిమిషాల్లోనే గడప దగ్గర మడుగు కడుతుంది. రబ్బరు చెప్పులు తప్పనిసరి. కాలివేళ్ల సందుల్లో ఫంగస్ పట్టడానికి ఆ తడి చాలు. సాక్స్ వేసేముందు సందులు పొడిగా తుడవండి.

షవర్లు మూడూ పనిచేస్తున్నాయి. జనమేమో ఈత అయ్యాకే వాటి కింద నిలబడతారు! దిగేముందు ఒక్క నిమిషం ఒళ్లు కడగాలి, తలకి కొబ్బరినూనె పెట్టుకొచ్చినవాళ్లు షాంపూతో. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిస్తే క్లోరమైన్లు పుడతాయి. కళ్లు మండించేదీ, ముక్కుకి ఘాటుగా తగిలేదీ చాలావరకు అవే. పాపం, 'క్లోరిన్ ఎక్కువేశావన్నా' అని తిట్లు మాత్రం పంపు చూసే మనిషికి.

కాటన్ షార్ట్స్‌ని గేటు దగ్గరే ఆపుతున్నారు, మంచి పని. పోగులూడి ఫిల్టర్‌లో చేరతాయి; నైలాన్‌దే కొనండి. లాకర్‌కి తాళం మీరే తెచ్చుకోవాలి. గదిలో ఫోన్ బయటికి తీయొద్దు, కాల్ వచ్చినా సరే.