టైర్లు మార్చాక ట్రాక్షన్ కంట్రోల్ క్యాలిబ్రేషన్: రెండు జతలు అరిగాక నా అభిప్రాయం

నా స్పోర్ట్స్ బైకు మెనూలో, ఎవరూ తెరవని మూలన, ‘టైర్ క్యాలిబ్రేషన్’ అని ఒకటి ఉంది, అంటే టైర్ల ఇప్పటి కొలతను బండి కంప్యూటరుకు నేర్పడం. కొన్నప్పుడు షోరూములో దాని ఊసే ఎత్తలేదు. రంగుల తెర, ఫోను కనెక్షన్ లేకపోయినా నాకు జరిగిపోతుంది గానీ, ఇది లేకపోతే, వెనక చక్రం జారినప్పుడు ఇంజను జోరు తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ ఉండీ లేనట్టే.

ట్రాక్షన్ కంట్రోల్‌కు రోడ్డు కనపడదు. ముందు, వెనక చక్రాల వేగాలను పోల్చి, వెనకది ఉండాల్సినదానికంటే ఎక్కువ తిరిగితే జారుతోందని తేల్చుకుంటుంది. నా బండికి ముందు టైరు 120/70 (వెడల్పు 120 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 70 శాతం), వెనక 180/55, రెండూ 17 అంగుళాల రిమ్ములే. సైజును బట్టి లెక్కకడితే చుట్టుకొలత ముందుది సుమారు 1,884 మిల్లీమీటర్లు, వెనకది 1,979. ఆ నిష్పత్తి కంప్యూటరుకు తెలిసి ఉండాలి. వెనక టైరు 5 మిల్లీమీటర్లు అరిగితే వ్యాసం 10 తగ్గుతుంది, అంటే 1.6 శాతం. అంతేనా అనిపిస్తుంది, కానీ జారుడును పసిగట్టేదీ అలాంటి చిన్న శాతాల్లోనే.

బెంగళూరు నుంచి అనంతపురం వైపు 44వ జాతీయ రహదారి మీద తరచూ తిరిగేవారికి వెనక టైరు నడుమ చదునుగా అరిగిపోవడం మామూలే. నాది ఆ స్థితికి వచ్చాక నంది హిల్స్ మలుపుల్లో తేడా తెలిసింది. పొడి రోడ్డు, మలుపు దాటి బండి నిటారుగా లేస్తోంది, యాక్సిలరేటర్ కాస్త తిప్పగానే ట్రాక్షన్ కంట్రోల్ పసుపు దీపం టపటపా కొట్టుకుంటుంది, ఇంజను ఎక్కిళ్లు పెట్టినట్టు ఆగి ఆగి లాగుతుంది. టైరు ఎక్కడా జారలేదు. చిన్నదైపోయిన చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంటే కంప్యూటరు దాన్నే జారుడు అనుకుంది. క్యాలిబ్రేట్ చేశాక అదే మలుపులో దీపం పలకలేదు.

దీనికి తలకిందులైనది ఇంకా ప్రమాదం. అరిగిన టైరుతో క్యాలిబ్రేట్ చేసి, తర్వాత కొత్తది వేసి ఊరుకుంటే, పెద్దదైన వెనక చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, నిజంగా జారినా కంట్రోల్ ఆలస్యంగా మేల్కొంటుంది. కొత్త రబ్బరు మొదట్లో ఎలాగూ నునుపుగా ఉంటుంది. దీపం వెలగదు కాబట్టి అంతా బాగుందనే అనుకుంటాం.

పని మాత్రం సులువు. చల్లగా ఉన్నప్పుడే గాలి సరిచూసుకోవాలి (నా బండికి ముందు 36, వెనక 42 పీఎస్ఐ). మెనూలో క్యాలిబ్రేషన్ మొదలుపెట్టి, చదునైన తిన్నని రోడ్డు మీద రెండో గేరులో దాదాపు 50 కిలోమీటర్ల వేగాన్ని కొన్ని సెకన్లు మారకుండా పట్టాలి. గేరు, వేగం బండిబండికీ మారతాయి, మీ పుస్తకం చూసుకోండి. వంచకూడదు, ఎందుకంటే వంగినప్పుడు టైరు సన్నటి అంచు మీద, తక్కువ చుట్టుకొలతతో దొర్లుతుంది.

బెంగళూరులో అసలు తంటా ఆ కొన్ని సెకన్లు దొరకడమే. స్పీడ్ బ్రేకరో, ఆటోనో, ఆవో అడ్డొస్తుంది, తెర మళ్లీ మొదటికి వస్తుంది. మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన మార్గంలోకి 2023 ఆగస్టు నుంచి ద్విచక్ర వాహనాలను రానివ్వడం లేదు. అందుకే నేను తెల్లారాక టోలు కట్టి నైస్ రోడ్డుకు వెళతాను.

టైర్లు జేసీ రోడ్డులో వేయించాను. అక్కడి మేస్త్రీది మదనపల్లె. “టైరు మారిస్తే కంప్యూటరుకేం సంబంధం సార్?” అని అడిగాడు, చెబితే శ్రద్ధగా విన్నాడు. ఈ క్యాలిబ్రేషన్ గురించి నేను అడిగితే ఒక సర్వీసు సెంటరు మాత్రం “బండి వదిలి వెళ్లండి సార్, మిషను పెట్టి చూడాలి” అంది. మేస్త్రీకి నేను చెప్పుకున్నది ఒక్కటే: టైరు విప్పే పనిముట్టును వాల్వు దగ్గర పెట్టొద్దని. గాలి ఒత్తిడి సెన్సరు లోపల అక్కడే ఉంటుంది, విరిగితే కొత్తది కొని మళ్లీ బండికి పరిచయం చేయించాలి. పాతదే ఉంటే దానికి వేరే క్యాలిబ్రేషన్ అక్కర్లేదు.

మారతహళ్లిలో ఉండే మిత్రుడు వెనక 180/60 వేయించుకున్నాడు. ఆ సైజుతో చుట్టుకొలత దాదాపు 2.9 శాతం పెరుగుతుంది. తయారీదారు ఒప్పుకున్న సైజయితేనే అలా మార్చమంటాను, క్యాలిబ్రేషన్ ఉంది కదా అని ఏదిపడితే అది వేయకూడదు.

నాకు నచ్చనిది ఒకటుంది. లెక్క పాతబడిందని బండి తనంతట తాను చెప్పదు. చైనుకు నూనె వేయమని గుర్తుచేసే తెరకు ఈ మాట చెప్పడం ఎంత పని? క్యాలిబ్రేషన్ చేసినా స్పీడోమీటరు మారలేదు, జీపీఎస్ కంటే కొంచెం ఎక్కువే చూపిస్తోంది.