అయిదు సెంట్ల షేడ్‌నెట్‌లో ఏడు నారు సీజన్లు

మదనపల్లెకు పదిహేను కిలోమీటర్ల దూరంలో మాకు రెండెకరాల చేను, దాని పక్కనే అయిదు సెంట్ల షేడ్‌నెట్ (పైన నీడ వల, చుట్టూ దోమ వల కట్టిన పందిరి) ఉన్నాయి. 2018 దీపావళి అయ్యాక కట్టించాం. 2019 నుంచి 2025 వరకు ఏడు సీజన్లు అందులో టమాటా నారు పెంచాం. కొంచెం మిరప, వంగ కూడా. పనివాళ్లు లేరు. నేను, మా ఆయన, మా అత్త, సెలవు రోజుల్లో మా అమ్మాయి. నారు కోసం వచ్చినవాళ్లు “మేమూ వేసుకోవచ్చా అక్కా, గిట్టుబాటవుతుందా” అని అడుగుతుంటారు. ట్రేలు ఎత్తుతూ రెండు మాటల్లో చెప్పగలిగేది కాదది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

వేసుకోవచ్చు. కానీ చిన్నగా వేసుకోండి. స్థలం ఎంతుందని చూడొద్దు, ఇంట్లో నీళ్లు పట్టే చేతులు ఎన్ని ఉన్నాయో చూసుకుని అంతే వేసుకోండి. ఈ మాట నేను 2024లో నష్టపోయి నేర్చుకున్నాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

అంతకుముందు మేమూ అందరిలాగే చేనులోనే ఎత్తు మడి చేసి, విత్తనం చల్లి, పైన వరిగడ్డి కప్పి నారు పోసేవాళ్లం. 2017 ఎండాకాలంలో ఎకరం టమాటా ఆకుముడతతో పోయింది. తెల్లదోమ నారుమడిలోనే వైరస్ ఎక్కించిపోతే, నాటాక ఏ మందు కొట్టినా మొక్క తిరిగి కోలుకోదు. ఆ చేను దున్నేసిన రోజే మా ఆయన షేడ్‌నెట్ మాట ఎత్తాడు.

మా దగ్గర సంక్రాంతి దాటిన రెండో రోజు నుంచి ఏప్రిల్ సగం వరకు నారు సీజన్. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, కింద మైదానాల్లో ఎండకు పూత రాలిపోయే రోజుల్లో కూడా ఇక్కడ కాయ నిలుస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నాటితే మే, జూన్ నుంచి మార్కెట్‌కు పోతుంది. అందుకే అందరికీ నారు ఒకేసారి కావాలి. మొక్క నాటడానికి వచ్చేసరికి ఇరవై అయిదు నుంచి ముప్పై రోజులు పడుతుంది కాబట్టి ఆ మూడు నెలల్లో మూడు తడవలు తీయొచ్చు.

అయిదు సెంట్లలో, నడవడానికి దారి వదిలితే, తొమ్మిది వందల ట్రేలు పడతాయి. ఒక్కో ట్రేకు 98 గుంతలు. మొలవనివి పోను తడవకు ఎనభై వేల మొక్కలు చేతికొస్తాయి. నాలుగు అడుగుల సాళ్లలో అడుగున్నరకు ఒకటి పెడితే ఎకరాకు ఏడు వేల పైచిలుకు మొక్కలు కావాలి. అంటే మా చిన్న పందిరి ఒక తడవకు పదకొండు ఎకరాలకు నారు ఇస్తుంది. ఎక్కువ మంది రైతులు విత్తనం వాళ్లే తెచ్చిస్తారు, పెంచి ఇచ్చినందుకు మొక్కకు ఇంతని తీసుకుంటాం. 2019లో 35 పైసలు, ఇప్పుడు 45. సీజన్ బాగుంటే ట్రేల్లో మట్టికి బదులు నింపే కొబ్బరి పొట్టు, మందులు, కరెంటు అన్నీ పోను డెబ్బై ఎనభై వేలు మిగులుతాయి. అందులో మా కూలి లెక్కలేదు. కట్టడానికి అప్పట్లో లక్షా పాతిక వేలు అయింది, ట్రేలు వేరే. మేము సబ్సిడీ లేకుండా కట్టుకున్నాం. ఉద్యానశాఖ నుంచి సాయం అందుతుందేమో, మీరు ముందే వెళ్లి కనుక్కోండి. అమ్మే నారైతే 2010 నాటి నర్సరీల చట్టం కింద రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోవాలి.

ఇనుప పైపుల గురించి నాకు ఫిర్యాదు లేదు. జీఐ పైపులు, సిమెంటు దిమ్మెలు ఏడేళ్ల గాలివానలకు కదల్లేదు. భూమికి తాకే చోట తుప్పు మొదలైతే రంగు కొట్టించాం, అంతే. పైన వేసిన, సగం ఎండను ఆపే 50 శాతం ఆకుపచ్చ నెట్ అయిదో ఎండాకాలానికి పెళుసెక్కింది. వేలు పెట్టి నొక్కితే చిరిగిపోయేది. 2023 సీజన్ అవగానే మార్చాం. ఎత్తు మాత్రం మేము పొరపాటు చేశాం. మధ్యలో పది అడుగులే పెట్టించాం. చుట్టూ తెల్లదోమ రాకుండా సన్నటి కన్నాల 40 మెష్ నెట్ కట్టాక గాలి ఆడదు. షేడ్‌నెట్ అంటే లోపల చల్లగా ఉంటుందనుకుంటారు. ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండు గంటలకు లోపల నిలబడి చూడండి, బయట వేపచెట్టు కింద హాయిగా ఉంటుంది. మళ్లీ కడితే పన్నెండు అడుగులకు తగ్గనివ్వను.

తలుపు దగ్గరే మొదటి రెండేళ్లు దెబ్బతిన్నాం. ఒకటే తలుపు పెట్టాం. తీసిన ప్రతిసారీ దోమ లోపలికి వచ్చేది. 2021కి ముందు నాలుగు అడుగుల ఖాళీ వదిలి రెండో తలుపు పెట్టించాం. ఒకటి మూశాకే రెండోది తీయాలి. ట్రేలు మోసుకుంటూ వచ్చేటప్పుడు ఇది విసుగు పుట్టిస్తుంది, అయినా తప్పదు. ఆ రెండు తలుపుల మధ్య నేల మీద బ్లీచింగ్ నీళ్ల తొట్టి పెట్టాం, కాళ్లు ముంచి రావాలి. బీడీ తాగేవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోకుండా మొక్కలు ముట్టుకోకూడదు. పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ చేతుల మీదుగా టమాటాకు అంటుతుంది. పెద్దవాళ్లకు ఈ మాట చెప్పడం మొదట్లో నాకు మొహమాటంగా ఉండేది, ఇప్పుడు చెప్పేస్తున్నా. తెల్లదోమకు పసుపు రంగంటే ఇష్టం. అందుకే దోమను అంటించి పట్టడానికి లోపల పెట్టే జిగురు అట్టలు పసుపు రంగులో ఉంటాయి. ఈ సంగతి తెలిశాక మా అత్త ఆ మూడు నెలలూ తన పసుపు చీరలు బీరువాలో పెట్టేస్తుంది.

విత్తనం పెట్టాక ట్రేలను పదేసి చొప్పున ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన పాలిథిన్ కప్పుతాం. లోపలి వెచ్చదనానికి మొలక ఒకేసారి వస్తుంది. జనవరి చలిలో అయిదారు రోజులు, మార్చిలో మూడు నాలుగు. తెల్లటి మొలక కొబ్బరి పొట్టును పైకి నెట్టడం కనిపించిన వెంటనే ట్రేలు విడదీసి నేలమీద పరిచేయాలి. 2019లో మొదటి తడవకు ఒక పూట ఆలస్యం చేశాం. రెండు వందల ట్రేల్లో మొలకలు వెలుతురు కోసం దారాల్లా సాగిపోయాయి, తర్వాత ఎంత చేసినా కాండం లావెక్కలేదు. అప్పటినుంచి మా అత్త తెల్లవారుజామున నాలుగు గంటలకు టార్చి పట్టుకుని పోయి పాలిథిన్ ఎత్తి చూస్తుంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు.

కొబ్బరి పొట్టు మంచిది దొరికితే సగం టెన్షన్ తగ్గుతుంది. అయిదు కిలోల దిమ్మెను నానబెడితే ముప్పై ట్రేల దాకా నింపొచ్చు. 2020లో తక్కువ ధరకు వచ్చిందని ఒక చోట కొన్న దిమ్మెల్లో ఉప్పు విపరీతంగా ఉండింది. పదో రోజుకు ఆకు కొసలు మాడిపోయాయి. ఇప్పుడు ఏ దిమ్మెనైనా మూడుసార్లు నీళ్లు పోసి వంపేస్తాం, పిండిన నీళ్లలో ఈసీ మీటరు (నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపేది) పెట్టి చూస్తాం. ఆ మీటరు వెయ్యి రూపాయలు. మేము కొన్న వాటన్నిటిలో దానంత పనికొచ్చిన వస్తువు లేదు. మా బోరు నీళ్లు కూడా కొంచెం ఉప్పగా ఉంటాయని దానివల్లే తెలిసింది. పొట్టులో ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను అడ్డుకునే మేలు చేసే శిలీంద్రం) కలుపుతాం. పన్నెండో రోజు ఒకసారి, ఇరవయ్యో రోజు ఒకసారి 19:19:19 ఎరువు లీటరుకు మూడు గ్రాములు కలిపి పిచికారీ చేస్తాం. ఎరువుల పని అంతటితో సరి.

ఇక నీళ్లు. ఈ పని మొత్తంలో అసలు విద్య ఇదే. పైపుకు షవర్ బిగించి పొద్దున ఆరింటికి మొదలుపెడితే తొమ్మిది వందల ట్రేలకు గంటా ముప్పావు పడుతుంది. అన్నిటికీ ఒకేలా పోస్తే నారు చెడుతుంది. అంచుల్లో ఉన్న ట్రేలు గాలికి ముందు ఆరతాయి, మధ్యలోవి తడిగానే ఉంటాయి. పోసే ముందు అక్కడొక ట్రే ఇక్కడొక ట్రే చేత్తో ఎత్తి బరువు చూస్తాను. తేలిగ్గా ఉంటే పోయాలి, బరువుగా ఉంటే వదిలేయాలి. వారానికోసారి అంచువి లోపలికి, లోపలివి అంచుకు మారుస్తాం. మార్చి ఆఖరు నుంచి మధ్యాహ్నం ఇంకోసారి పోయాలి. సాయంత్రం పోయకూడదు. రాత్రంతా తడి నిలిస్తే నారుకుళ్లు వచ్చి, తెల్లారేసరికి మొక్కలు మొదట్లో మెత్తబడి పడిపోతాయి. స్ప్రింక్లర్లు పెట్టుకోమని చాలామంది చెప్పారు. వాళ్లది తప్పని అనను. నాకు మాత్రం పైపు పట్టుకుని నడిచే ఆ గంటా ముప్పావులోనే ఏ మూల ఆకు వాడింది, ఏ ట్రే కింద చీమలున్నాయి, ఏ జిగురు అట్ట మీద దోమ పెరిగింది అన్నీ కంటబడతాయి.

2020 మార్చి లాక్‌డౌన్ రోజుల్లో మొదటి వారం రైతులు రాలేకపోయారు. వ్యవసాయానికి మినహాయింపు ఉందని తెలిసి బండ్లు కదిలేలోపే నూట యాభై ట్రేలు ముదిరిపోయాయి. ముదిరిన నారు నాటితే వేరు త్వరగా పట్టదు, కాపూ సరిగ్గా రాదు. అడిగినవాళ్లున్నా ఇవ్వలేదు, పారేశాం.

2023 జులైలో టమాటా కిలో వంద రూపాయలు దాటి ఎక్కడికో పోయింది గుర్తుందా? సెప్టెంబరుకు పడిపోయింది, కానీ ఆ ధర అందరి మనసులో ఉండిపోయింది. 2024 సంక్రాంతికి ముందే మా దగ్గర ఇరవై ఎకరాలకు నారు కావాలని అడిగారు. మేమూ ఆశపడ్డాం. పక్కన ఇంకో రెండు సెంట్లు కట్టి మూడు వందల డెబ్బై ట్రేలు పరిచాం. చుట్టూ కట్టే దోమ నెట్ ఒక దుకాణంలో 40 మెష్ అనే చెప్పి ఇచ్చారు, ధర తక్కువ. నమ్మి కట్టేశాం.

ఏడు సెంట్లకు నీళ్లు పట్టడానికి రెండున్నర గంటలు పట్టేది. కొత్త భాగం చివర్లో వచ్చేది, అప్పటికి ఎండెక్కేది. ఆ మార్చిలోనే మా అమ్మాయికి పదో తరగతి పరీక్షలు. పొద్దున నేను దాన్ని పరీక్షకు తీసుకెళ్లాలి. నాలుగు రోజులు ఆ వైపు మా ఆయన గబగబా నీళ్లు చల్లి వచ్చేశాడు. అయిదో రోజు నేను పోయి చూస్తే జిగురు అట్టలు తెల్లదోమతో నిండి ఉన్నాయి. వెంటనే మందు కొట్టాం. మొక్కలు పచ్చగా, బలంగా కనబడ్డాయి. ఇచ్చేశాం.

వైరస్ ఎక్కిన మొక్క ముడుచుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. నాటిన ఇరవై అయిదో రోజున ఒక పెద్దాయన వచ్చాడు. కేకలు వేయలేదు. “ఏమ్మా, చెట్లన్నీ ముడుచుకుంటా ఉండాయి, ఒకసారి వచ్చి చూడు” అన్నాడు. పోయి చూశాం. ఆయనది రెండెకరాలు, మరొకాయనది ఎకరం. తర్వాతి తడవ నుంచి ఇరవై రెండు వేల మొక్కలు ఉచితంగా ఇచ్చాం. దున్నిన ఖర్చు, కట్టెలు నాటిన ఖర్చు, పోయిన ఇరవై అయిదు రోజులు మేము తిరిగి ఇవ్వలేకపోయాం. అది నాకు ఇప్పటికీ బాధే.

ఇంటికొచ్చి ఆ నెట్ ముక్క మీద స్కేలు పెట్టి లెక్కపెట్టాను. 40 మెష్ అంటే అంగుళానికి నలభై కన్నాలు ఉండాలి. ముప్పై ఒకటి ఉన్నాయి. కొనేముందు దుకాణంలోనే ఈ లెక్క పెట్టండి, రెండు నిమిషాలు పట్టదు. అయితే తప్పంతా నెట్‌దే అని చెప్పలేను. అంచు ట్రేల దగ్గర రోజూ నడిచి ఉంటే మొదటి రోజే నాకు అట్టలు కనబడేవి. మా ముగ్గురి చేతులు అయిదు సెంట్లకే సరిపోతాయి.

2025లో మళ్లీ పాత తొమ్మిది వందల ట్రేలే పెట్టాం. అడిగిన వాళ్లలో కొందరికి లేదని చెప్పాం. ఇప్పుడు నారు ఇచ్చేటప్పుడు విత్తనం లాట్ నంబరు, విత్తిన తేదీ, ఏ వరసలో పెరిగిందో చీటీ మీద రాసి ఇస్తున్నాం. తీసుకునేవాళ్లకు నేను చెప్పేదొకటే. ఏ నర్సరీకి పోయినా ఆకు చూసి మురిసిపోకండి. ట్రే మధ్యలోంచి ఒక మొక్క, అంచులోంచి ఒక మొక్క లాగి వేరు చూడండి. తెల్లగా, పొట్టును గుండ్రంగా పట్టుకుని ఉండాలి. గోధుమరంగులోకి తిరిగి కింద చుట్టుకుపోయి ఉంటే ముదిరిన నారు. ఆ రెండు మొక్కలూ ఒకేలా ఉంటే అక్కడ నీళ్లు పట్టే మనిషికి పని తెలుసని అర్థం.

ఆ రెండు సెంట్ల పైపులు పీకలేదు. నెట్ తీసేసి తీగ లాగాం. ఇప్పుడు దానిమీద మా అత్త బీర పాకించింది.