హైరైడర్ హైబ్రిడ్: చార్జింగ్ వసతి లేని ఇంటికి తగిన పెట్రోలు కారు

విద్యుత్ కార్ల కాలంలో పెట్రోలు ఇంజన్‌ను మెరుగుపరచడం దండగ అనేవారు ఒకసారి పెట్రోలు ఇంజన్‌తో పాటు విద్యుత్ మోటారు కూడా ఉన్న టొయోటా అర్బన్ క్రూయిజర్ హైరైడర్ హైబ్రిడ్‌ను నగర రద్దీలో నడిపి చూడాలి. బెంగళూరు సమీపంలోని బిడదిలో తయారవుతూ 2022లో మార్కెట్లోకి వచ్చిన ఈ కారులో 1,490 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్ ఉంది. దాని శక్తి 92 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) మాత్రమే. మోటారుతో కలిపితే దాదాపు 116 పీఎస్. అంకెలు చూసి పెదవి విరిచేవారు ఉంటారు గానీ, ఇది వేగం కోసం చేసిన ఇంజన్ కాదు.

ఇంధనం ఆదా కోసం ఈ ఇంజన్ వాడే అట్కిన్‌సన్ పద్ధతిలో, గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది కనుక, సిలిండర్‌లోకి చేరిన గాలిలో కొంత వెనక్కి పోయి, కుదింపు కంటే వ్యాకోచం ఎక్కువ దూరం సాగుతుంది. సైలెన్సర్ గుండా వృథాగా పోవలసిన వేడిలో కొంత భాగం ఆ విధంగా పనిగా మారుతుంది. ఈ ఇంజన్ ఒక్కదానితోనే నడపాలంటే తక్కువ వేగంలో కారు నీరసంగా కదులుతుంది. సరిగ్గా అక్కడే 141 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఉన్న విద్యుత్ మోటారు బాధ్యత అందుకుంటుంది.

అమీర్‌పేట సిగ్నళ్ల దగ్గర ఈ ఏర్పాటు విలువ బాగా తెలుస్తుంది. ఏసీ కంప్రెసర్ కరెంటుతోనే తిరుగుతుంది కాబట్టి, మే నెల ఎండలో సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగిపోయినా లోపల చల్లదనం తగ్గదు. ముందున్న బండి నెమ్మదించడం గమనించి బ్రేకును కాస్త ముందుగా, మెత్తగా తొక్కితే మోటారు కరెంటు తయారుచేయడంతో బ్యాటరీ గీతలు పెరగడం తెరపై కనిపిస్తుంది. అవి బాగా తగ్గినప్పుడు మాత్రం కారు నిలబడి ఉండగానే ఇంజన్ మేల్కొంటుంది. మూడు సిలిండర్ల గరగర అప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. టాటా వారి విద్యుత్ కారు తొలి నెక్సాన్ ఈవీలో 30.2 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉంటే ఇందులో ఉన్నది 0.76 మాత్రమే కనుక, కేవలం కరెంటుతో ఎంతో దూరం పోదు. దీన్ని ప్లగ్గుకు తగిలించే వీలూ లేదు, అవసరమూ లేదు.

ప్రకటిత మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు. రోడ్డు మీద అంత రాదు. అయితే పాదం అదుపులో ఉంటే నగరంలో 20 దాటించడం కష్టం కాదు. విజయవాడ హైవేపై లారీని దాటబోతే మాత్రం ఈ-సీవీటీ (మెట్లు మెట్లుగా గేర్లు మారని ఆటోమేటిక్ వ్యవస్థ) వల్ల ఇంజన్ మోత ముందు పెరిగి, వేగం తర్వాత అందుతుంది. బ్యాటరీ వెనక భాగంలో ఉండటంతో డిక్కీ 265 లీటర్లకు కుంచించుకుపోయింది. కుటుంబమంతా సామానుతో ఊరికి బయలుదేరితే ఇరుకు తప్పదు.

పన్ను విషయంలో నాకు అసంతృప్తి ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లో ఉన్న జీఎస్‌టీ రేట్ల ప్రకారం విద్యుత్ కారుకు 5 శాతం, దీనికి 40 శాతం. ఇంధనం ఇంతగా ఆదా చేసే కారును ఇదే పరిమాణంలోని మామూలు పెట్రోలు కార్ల గాటనే కట్టడం న్యాయంగా లేదు.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చార్జర్ పెట్టుకునే అవకాశం లేక, రోజూ నగరంలోనే తిరిగేవారికి ఈ కారును నిస్సంకోచంగా సూచిస్తాను. తిరుగుడు తక్కువగా ఉన్నవారికి, లేదా ఎక్కువగా హైవేలపైనే నడిపేవారికి ఇదే హైరైడర్‌లో లభించే సుజుకి 1.5 లీటర్ల మైల్డ్ హైబ్రిడ్ (మోటారు ఇంజన్‌కు కాస్త సాయం మాత్రమే చేసే రకం) సరిపోతుంది. రెండింటి మధ్య లక్షల్లో ఉన్న ధర తేడా వారికి పెట్రోలు ఆదాలో తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది.